ల్యాప్‌టాప్ నత్తనడక: తప్పు ప్రాసెసర్‌దేనా?

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా ఒకే గోడు మీద వచ్చాయి. కొన్నప్పుడు చెప్పిన స్పీడు రావట్లేదు, షాపులో అడిగితే ప్రాసెసర్ పోయిందంటున్నారు, మార్చాలా అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పెట్టి ఇవే తీసుకున్నాను. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క సంగతి. ప్రాసెసర్ చిప్పు వయసు మీద పడి దానంతటదే నెమ్మదించడం దాదాపుగా జరగదు. చిప్పు నిజంగా పాడైతే మిషను హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ అవుతుంది, లేదంటే అసలు ఆన్ కాదు. అన్నీ పనిచేస్తూ నెమ్మదిగా మాత్రమే ఉందంటే, ఎవరో దాన్ని తగ్గమంటున్నారన్నమాట. అది అడాప్టరు కావచ్చు, వేడి చూసే సెన్సరు కావచ్చు, విండోస్‌లో ఎప్పుడో ఎవరో మార్చిన సెట్టింగు కావచ్చు. ఆ తగ్గమన్నది ఎవరో తేలేదాకా జేబులోంచి డబ్బు తీయకండి.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చదివేటప్పుడు కొన్న ల్యాప్‌టాప్, ఐ5 ఎనిమిదో తరం. తను ఉద్యోగంలో చేరాక నేను వాడుకుంటున్నాను. కొన్నాళ్లుగా క్రోమ్ తెరవాలన్నా నిమిషం పడుతోంది, మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. అల్లుడు ఫోన్లో చెబితే టాస్క్ మేనేజర్ చూశాను, స్పీడు 0.39 గిగాహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు ఉంది. ఫార్మాట్ చేయించాను, ర్యామ్ వేయించాను, ఫలితం లేదు. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నారు. అన్నట్టు ఛార్జింగ్ కూడా సరిగా ఎక్కడం లేదు, పాత ఛార్జరు వైరు తెగితే బజార్లో వేరేది కొన్నాం.
— రిటైర్డ్ ఉద్యోగి, నరసరావుపేట

జవాబు: అసలు సంగతి మీ ఉత్తరం చివరి వాక్యంలో ఉందండీ. మీరు "అన్నట్టు" అని రాసిన ముక్క షాపువాళ్లకు కూడా చెప్పి ఉంటే ఫార్మాట్ ఖర్చు, ర్యామ్ ఖర్చు మిగిలేవేమో.

ముందు ఆ 0.39 సంగతి చూద్దాం. మీ తరం ఐ5ల్లో బాగా అమ్ముడుపోయిన 8250యూ సంగతే తీసుకుంటే, దాని మామూలు వేగం 1.6 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు 3.4 వరకు వెళ్తుంది, పని లేనప్పుడు దిగగలిగిన అట్టడుగు వేగం 400 మెగాహెర్ట్జ్. టాస్క్ మేనేజర్‌లో అదే 0.39 అనో 0.40 అనో కనబడుతుంది. కొన్ని పాత చిప్పుల్లో ఈ అడుగు 800, వాటిలో 0.78 అని చూపిస్తుంది. పని లేనప్పుడు అంత కిందికి దిగితే మంచిదే, బ్యాటరీ మిగులుతుంది. కానీ మీరు క్రోమ్ తెరిచి, పక్కన సీపీయూ వాడకం నూరు శాతం చూపిస్తుండగా కూడా అంకె 0.39 నుంచి కదలలేదంటే, దాని తల మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కి ఉంచారని అర్థం. చిప్పు పోతే ఇంత కచ్చితంగా అట్టడుగు అంకె దగ్గర ఆగదు.

ఆ చెయ్యి ఎవరిదంటే, మీ విషయంలో నా అనుమానమంతా ఛార్జరు మీదే. మీ ఛార్జరు పిన్ను గుండ్రంగా ఉండి మధ్యలో సన్నటి సూది ఉందేమో చూడండి. కరెంటు వచ్చేది చుట్టూ ఉన్న లోహం నుంచి, మధ్య సూది పని వేరు. ఛార్జరు తాను ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పుకునేది ఆ సూది ద్వారానే. ఆ సమాచారం అందకపోతే ల్యాప్‌టాప్ జాగ్రత్తపడుతుంది, ఈ ఛార్జరు ఎంత మోయగలదో తెలియదు కాబట్టి బ్యాటరీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ను అట్టడుగుకు దించేస్తుంది. మీ రెండు బాధలకూ, అంటే ఛార్జింగ్ ఎక్కకపోవడానికీ స్పీడు రాకపోవడానికీ, కారణం ఒకటే కావచ్చు. బజార్లో దొరికే చవక ఛార్జర్లలో సూది ఉంటుంది కానీ దాని వెనక ఆ సమాచారం ఇచ్చే చిన్న చిప్పు ఉండకపోవచ్చు. ఒరిజినల్ ఛార్జర్లో కూడా వైరు పిన్ను దగ్గర మెలిపడీ మెలిపడీ లోపల ఆ సన్న తీగ తెగిపోతే ఇదే తంతు. కరెంటు వస్తూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ ఛార్జరు మీద అనుమానం రాదు.

పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. బ్యాటరీలో కాస్తో కూస్తో ఛార్జ్ ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి, స్పీడు అంకె మీదే చూపు పెట్టి ఛార్జరు పీకేయండి. కొన్ని సెకన్లలో 0.39 కాస్తా 1.6, 2, 3 అంటూ లేచి, మళ్లీ పెట్టగానే పడిపోయిందా, దొంగ దొరికినట్టే. రెండో సాక్ష్యం కావాలంటే ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్2 (కంపెనీని బట్టి వేరే కీ కావచ్చు) నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి, బ్యాటరీ సమాచారం ఉండే పేజీలో అడాప్టర్ అన్నచోట 65 వాట్స్ అని ఉండాల్సింది తెలియదు అనో, అసలు లేదనో చూపిస్తుంది. కొన్ని మిషన్లు ఆన్ అవగానే ఛార్జరును గుర్తించలేకపోతున్నానని ఒక నల్ల తెర మీద రాసి చూపిస్తాయి, మనవాళ్లు చదవకుండా ఎంటర్ కొట్టి దాటేస్తారు.

వాట్ల లెక్క కూడా చూడండి. ఛార్జరు వెనక చీటీ మీద అవుట్‌పుట్ అన్నచోట రెండు అంకెలుంటాయి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే ఆ రెండిటినీ గుణించండి, 65 వాట్లు. 2.31 ఆంపియర్లు అని ఉంటే 45 వాట్లే. 65 అడిగే ల్యాప్‌టాప్‌కు 45 తగిలిస్తే పనిచేయకుండా పోదు కానీ పెద్ద పని పెట్టినప్పుడు స్పీడు కోసేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు టైప్-సీ పిన్ను వచ్చాక ఫోను ఛార్జరు తగిలించేవాళ్లు ఎక్కువయ్యారు. పిన్ను పట్టినంత మాత్రాన పవర్ చాలదు.

ఛార్జరు పీకినా అంకె 0.39 దగ్గరే ఉండిపోతే అప్పుడు వేరే దారి పట్టాలి. ముందు ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జరు తీసేసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని వదిలి మళ్లీ ఆన్ చేయండి. లోపలి కంట్రోలర్ పాత మాట పట్టుకుని కూర్చుంటే ఇది దాన్ని వదిలిస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు కొత్త బయోస్ ఉంటే వేయించండి. అప్పటికీ కాకపోతే ఇంటెల్ చిప్పులకు థ్రాటిల్‌స్టాప్ అని ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో బీడీ ప్రోక్‌హాట్ అన్న గడి ఉంటుంది. బోర్డు మీద వేరే భాగాలు ప్రాసెసర్‌కు "తగ్గు" అని కబురు పంపే తీగ పేరది. ఆ గడిలో టిక్ తీసేయగానే స్పీడు లేచిందంటే, కబురు బయటినుంచే వస్తోంది, ప్రాసెసర్ నిక్షేపంగా ఉంది అని రుజువు. కానీ దీన్ని పరీక్షకే వాడండి, శాశ్వతంగా టిక్ తీసేసి వాడమని చెప్పే వీడియోలు బోలెడున్నాయి, నేను చెప్పను. ప్రాసెసర్ తన వేడి తాను చూసుకుంటుంది సరే, కానీ దాని పక్కన కరెంటు సరఫరా చేసే భాగాలు నిజంగానే వేడెక్కి ఆ కబురు పంపుతుంటే? లేదా మీ ఛార్జరు నిజంగానే 45 వాట్లదై, మీరు దాని చేత 65 మోయిస్తుంటే?

షాపుకు వెళ్లే పనైతే మీ మోడల్‌కు సరిపోయే ఒరిజినల్ ఛార్జరు ఒకటి తెప్పించి, కొనకముందే అక్కడే పెట్టి అంకె చూపించమనండి. మదర్‌బోర్డు మాట ఆ తర్వాతే. ఛార్జరు పెట్టే సాకెట్ వదులైనా ఇదే లక్షణం ఉంటుంది, చాలా మోడళ్లలో అది వేరే ముక్కగా దొరుకుతుంది.

ప్రశ్న: నాది ఐ7, ఎనిమిదో తరం 8565యూ. 4.6 వరకు వెళ్లాల్సింది ఏం చేసినా 1.8 దాటట్లేదు. వేడి లేదు, ఫ్యాన్ చప్పుడు కూడా లేదు, హాయిగా చల్లగా ఉంది. అనుమానం ఏంటంటే వేసవిలో బాగా వేడెక్కుతోందని మా తమ్ముడు ఏదో వీడియో చూసి సెట్టింగ్స్ మార్చాడు.
— బీటెక్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అనుమానం కాదమ్మా, అదే. మీ చిప్పు మామూలు వేగం సరిగ్గా 1.8. అక్కడే ఆగిందంటే టర్బో, అంటే అవసరమైనప్పుడు మామూలు వేగం దాటి పైకి వెళ్లే ఏర్పాటు, ఆపేశారు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ప్లాన్ సెట్టింగ్స్ మార్చే చోట అడ్వాన్స్‌డ్ తెరిచి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ చూడండి. 99 అని ఉంటుంది. ఒక్క శాతమే కదా తగ్గింది అనిపిస్తుంది గానీ, విండోస్ దృష్టిలో 100 అంటే టర్బోతో సహా, 99 అంటే టర్బో లేకుండా. బ్యాటరీ మీదున్నప్పుడు, ఛార్జరు మీదున్నప్పుడు అని రెండు గడులుంటాయి, రెండూ 100 చేయండి. ఎక్కడ మార్చాడో దొరక్కపోతే ప్లాన్ డిఫాల్ట్స్ రీస్టోర్ చేసే బటన్ అక్కడే ఉంటుంది.

అది కూడా సరిగానే ఉంటే విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్‌లోకి వెళ్లి పవర్ మోడ్ ఏముందో చూడండి. కంపెనీవాళ్లు వేసిన సొంత యాప్‌లో నిశ్శబ్దం మోడ్ పెట్టి మరిచిపోవడం కూడా మామూలే. కొన్నిట్లో ఎఫ్ఎన్ పట్టుకుని ఒక అక్షరం నొక్కితే చాలు మోడ్ మారిపోతుంది, చేయి తగిలి మారినా తెలియదు. తమ్ముణ్ణి తిట్టకండి, పరీక్షలప్పుడు పీడీఎఫ్‌లు చదువుకోవడానికి ఆ 99 మంచి సెట్టింగే.

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ ఒకే ప్రాసెసర్ చూసి కొన్నాం, ఐ5 1135జీ7. పెట్టె మీద ఇద్దరికీ 4.2 గిగాహెర్ట్జ్ అనే ఉంది. వీడియో రెండర్ పెడితే నాది మొదట బాగా వెళ్లి అరనిమిషంలో 2.2కి పడిపోతుంది, వాడిది మాత్రం 3.2 పైనే నిలబడుతుంది. నాకు డూప్లికేట్ అంటగట్టారా?
— విజయనగరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: డూప్లికేట్ కాదు. పెట్టె మీద రాసిన 4.2 నిజమే, కానీ అది చిప్పు లోపల పనిచేసే విభాగాల్లో, అంటే కోర్లలో, ఒకటి రెండు కాసేపు అందుకోగలిగే గరిష్ఠం. బస్సు అందుకోవడానికి పరిగెత్తిన వేగంతో తిరుమల మెట్లన్నీ ఎక్కలేం కదా, అలాగన్నమాట. నాలుగు కోర్లూ పది నిమిషాలు ఆగకుండా పనిచేయాలంటే ఎంత వేగం అన్నది పెట్టె మీద ఎవరూ రాయరు.

ఆ వేగాన్ని తేల్చేది వాట్లు. మీ ఇద్దరి చిప్పును ఇంటెల్ 12 నుంచి 28 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చని ల్యాప్‌టాప్ కంపెనీలకు వదిలేసింది. 28 వాట్లు ఇస్తే కనీస హామీ వేగం 2.4 గిగాహెర్ట్జ్, 12 వాట్లే ఇస్తే 0.9. చిప్పు ఒకటే, పేరు ఒకటే, హామీలో మాత్రం ఇంత తేడా. మీది సన్నగా, తేలిగ్గా ఉండే మోడల్ అయ్యుంటుంది, కంపెనీ 15 వాట్ల దగ్గర పెట్టి ఉంటుంది. మీ ఫ్రెండ్‌ది కాస్త లావుగా, ఫ్యాను పెద్దగా ఉండే మోడలేమో చూడండి. మొదటి అరనిమిషం వేగానికి కూడా కారణం ఉంది. ఇంటెల్ చిప్పులకు రెండు పరిమితులు పెడతారు, ఎప్పటికీ మోయగలిగేది ఒకటి, కాసేపు మోయగలిగేది ఒకటి. ఆ "కాసేపు" చాలా మిషన్లలో 28 సెకన్లు ఉంటుంది. మీరు రాసిన అరనిమిషం లెక్క దానికి అచ్చంగా సరిపోయింది.

ఇందులో మరమ్మతు చేయడానికి ఏమీ లేదు. పవర్ మోడ్ పైకి పెడితే కంపెనీ అనుమతించినంత మేర కాస్త పెరగవచ్చు. ఇకమీదట కొనేటప్పుడు మాత్రం ఐ5, ఐ7 అన్న అంకె చూసి మురిసిపోకండి, ఆ ఫలానా మోడల్‌ను అరగంట సినీబెంచ్ (ప్రాసెసర్‌కు పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేర్) నడిపి చూపించిన రివ్యూ వెతకండి. కొత్త తరాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. 12వ తరం ఐ5 1235యూకు పది కోర్లు అంటారు. అందులో పెద్దవి రెండే, మిగతా ఎనిమిదీ పొదుపు కోర్లు, వాటి గరిష్ఠం 3.3 మాత్రమే. మామూలుగా 15 వాట్ల చిప్పు, టర్బోలో 55 వాట్ల వరకు లాగగలదు. షోరూంలో మీరు మెచ్చుకునేది ఆ 55 వాట్ల నిమిషాన్ని.

ప్రశ్న: పత్తి జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. ఉదయం ల్యాప్‌టాప్ బాగానే ఉంటుంది. ట్యాలీ, ఎక్సెల్, రెండు మూడు బ్రౌజర్ ట్యాబులు తెరిచి అరగంట గడిచేసరికి ఫ్యాను విమానంలా మోగుతుంది, తర్వాత అన్నీ జీడిపాకంలా సాగుతాయి. మధ్యాహ్నం ఇంకా దారుణం. బయట జాలీ చూస్తే శుభ్రంగానే ఉంది. ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ మార్పిస్తే సరిపోతుందా?
— ఆదిలాబాద్

జవాబు: మీరు పనిచేసే చోటు పేరు వినగానే సగం జవాబు తెలిసిపోయింది. కానీ ఊహతో డబ్బు పెట్టొద్దన్నాను కాబట్టి ముందు వేడేనా కాదా తేల్చుకుందాం. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అది కోర్ల ఉష్ణోగ్రత, వేగం, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి చిప్పు వేగం దించుకోవడం) జరిగిందా లేదా అన్నీ ఒకేచోట చూపిస్తుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పులు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. నెమ్మదించిన సమయంలో ఉష్ణోగ్రత 95 నుంచి 100 మధ్య ఉండి, థ్రాట్లింగ్ ఎదురుగా యెస్ అని ఉంటే వేడే. 60 డిగ్రీల దగ్గర ఉండి కూడా నెమ్మదిగా ఉంటే వేడి కాదు, అప్పుడు బంగారంతో చేసిన పేస్ట్ పూసినా లాభం లేదు, నరసరావుపేట జవాబు చదువుకోండి.

వేడే అని తేలితే తర్వాతి పరీక్షకు మీ అరచెయ్యి చాలు. ఫ్యాను గట్టిగా మోగుతున్నప్పుడు గాలి బయటికొచ్చే చోట చెయ్యి పెట్టండి. చప్పుడు ఎక్కువ, గాలి తక్కువ అయితే దారి మూసుకుపోయింది. గాలి బాగా వస్తోంది కానీ గోరువెచ్చగానే ఉంది, లోపల చిప్పు మాత్రం 98 అంటోంది, అంటే వేడి చిప్పు నుంచి దాన్ని బయటికి వదిలే లోహపు రేకుల దాకా చేరట్లేదు, అప్పుడు ఎండిపోయిన పేస్టో, సరిగా బిగించని స్క్రూలో కారణం. గాలి జోరుగా వస్తూ, చెయ్యి కాలేంత వేడిగా ఉంటే కూలింగ్ తన పని తాను చేస్తోంది, పనే ఎక్కువైందన్నమాట.

మీ విషయంలో మొదటిదే అయ్యుంటుంది. ఫ్యాను కింది నుంచి గాలి పీల్చి, సన్నటి లోహపు రేకుల మధ్య నుంచి బయటికి తోస్తుంది. దూది నూగు ఆ రేకుల బయటివైపు పట్టదు, లోపలివైపు, ఫ్యానుకూ రేకులకూ మధ్య సందులో పట్టి, అదిమినట్టు దళసరి పొరగా తయారవుతుంది. బయట జాలీ శుభ్రంగా కనబడటం అందుకే. దాన్ని బయట నుంచి బ్లోయర్‌తో ఊదితే పొర కదలకపోగా ఫ్యానులోకి ఎదురు వెళ్లి చిక్కుకుంటుంది. వెనక మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టరు పీకి, ఫ్యాను విప్పి పక్కన పెట్టి ఆ పొరను వేళ్లతో తీసేయడమే పద్ధతి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకోవాలి, గాలి జోరుకు దాని హద్దు మించి తిరిగితే బేరింగులు పోతాయి. అలవాటు లేకపోతే మెకానిక్‌కే ఇవ్వండి, కానీ ఎదురుగా కూర్చుని తీసిన దూది చూడండి. మూత తీయకుండా బయట నుంచి ఊది డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు.

ఎలాగూ విప్పారు కాబట్టి, కొన్నేళ్లయిన మిషనైతే పేస్ట్ కూడా మార్పించేయండి. పల్చగా పరుచుకునేంత చాలు, ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. ఒక్కటి మాత్రం గమనించండి, చిప్పు పక్కన చిన్న భాగాల మీద మెత్తటి ప్యాడ్లు ఉంటే వాటి స్థానంలో పేస్ట్ పూయనివ్వకండి. ఆ సందు పేస్ట్‌తో పూడేంత చిన్నది కాదు. అవి చల్లబడక మళ్లీ "తగ్గు" అనే కబురు మొదలవుతుంది.

మధ్యాహ్నం బాధ గురించి. ఫ్యాను గది గాలినే వాడుతుంది కాబట్టి గదికన్నా చల్లగా ఏదీ చేయలేదు. ఉదయం గది 28 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 40 అనుకుంటే, చిప్పుకు హద్దు దాకా ఉన్న జాగాలో 12 డిగ్రీలు గదే తినేసింది. మీ ఎండలకు ఏ పేస్టూ జవాబు చెప్పలేదు. టేబుల్ మీద వెనకవైపు రెండు పుస్తకాల ఎత్తు లేపి పెట్టండి, కింద గుడ్డ పరవకండి. ఎయిర్ కూలర్‌ను నేరుగా దాని మీదికి తిప్పకండి, తేమతో పాటు దూది కూడా కొట్టుకొస్తుంది. పత్తి సీజన్ అయిపోగానే ఏడాదికోసారి శుభ్రం చేయించే అలవాటు పెట్టుకోండి.

ప్రశ్న: ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్. పాప కూచిపూడి ప్రోగ్రాం వీడియోలు ఎక్స్‌పోర్ట్ పెడితే మొదట్లో ఉన్న స్పీడు చివర్లో ఉండట్లేదు. ఫ్యాను చప్పుడు వినపడట్లేదు, ఫ్యాను పాడైందా? యాపిల్ స్టోర్ అపాయింట్‌మెంట్ తీసుకోమంటారా?
— ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: వద్దండీ. ఆ మోడల్‌లో ఫ్యానే లేదు, 2020లో ఎం1తో వచ్చినప్పుడే తీసేశారు. వేడి పైన ఒంటికి పాకి చల్లారాలి, ఆ లోపు చిప్పు తనంతట తాను వేగం దించుకుంటుంది. గట్టి టేబుల్ మీద పెట్టి, చేస్తున్న పనిలో ఆ ఒక్కటే ఉంచితే కొంత మెరుగు. పాత ఇంటెల్ మ్యాకులు వాడేవాళ్లకు ఒక మాట. యాక్టివిటీ మానిటర్‌లో కెర్నెల్ టాస్క్ అనేది సీపీయూ మొత్తం మింగేస్తున్నట్టు కనబడితే వైరస్ అని బెంబేలు పడకండి, వేడి తగ్గించడానికి మిగతా పనులకు సీపీయూ అందకుండా అడ్డం కూర్చోవడం దాని ఉద్యోగాల్లో ఒకటి. ప్రతిసారీ తప్పు మనదే అని కూడా కాదు. 2018లో కొత్త మ్యాక్‌బుక్ ప్రోలు వేడెక్కినప్పుడు అనవసరంగా వేగం కోల్పోతున్నాయని జనం గోల పెడితే, ఆ జులైలోనే యాపిల్ తన ఫర్మ్‌వేర్‌లో లోపం ఉందని ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చింది.

ప్రశ్న: గేమింగ్ ల్యాప్‌టాప్ వేడి తగ్గించడానికి వోల్టేజ్ తగ్గిద్దామని థ్రాటిల్‌స్టాప్ వేశాను. ఆ ఆప్షన్ లాక్ అయి ఉంది. అన్‌లాక్ చేయడానికి పాత బయోస్ వేసుకోమని ఒకరు చెప్పారు.
— దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: ఆ లాక్ వెనక కథ ఉంది. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజ్ తగ్గించి ఇంటెల్ చిప్పు లోపలి భద్రమైన అరలో ఉన్న రహస్యాలను లాగవచ్చని పరిశోధకులు చూపించారు. దాంతో ఇంటెల్ ఆ తలుపు మూసే అప్‌డేట్ ఇచ్చింది, ల్యాప్‌టాప్ కంపెనీలు బయోస్‌లో బిగించేశాయి. పాత బయోస్ వెనక్కి వేయడంలో మిషను అసలు లేవకుండా పోయే ప్రమాదం ఉంది, పైగా ఆ తర్వాత వచ్చిన సెక్యూరిటీ దిద్దుబాట్లన్నీ పోతాయి. నాలుగు డిగ్రీల కోసం అంత సాహసం నాకు నచ్చదు. గేమ్‌లో ఫ్రేమ్‌లను సెకనుకు 60కి పరిమితం చేయండి, చిప్పు అవసరానికి మించి ఆయాసపడటం మానేస్తుంది, వేడి దానంతటదే దిగుతుంది. లాక్ లేకపోతే వాట్ల పరిమితిని కాస్త కిందికి దించడం కూడా పనిచేస్తుంది, వేగం కొంచెం తగ్గినా ఎగుడుదిగుళ్లు పోయి ఆట నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు. పేజ్‌మేకర్‌లో పెద్ద ఫైలు తెరిస్తే, పీడీఎఫ్ చేస్తే చాలాసేపు పడుతోంది. విచిత్రం ఏంటంటే సీపీయూ 13 శాతం దాటట్లేదు, డిస్క్ మాత్రం ఒక్కోసారి 100 చూపిస్తుంది. ప్రాసెసర్ పని ఎగ్గొడుతోందా? కొత్త ఐ7 కొనేయమంటారా?
— ఏలూరు

జవాబు: ఎగ్గొట్టట్లేదు, ఒంటిచేత్తో చేస్తోంది. మీ చిప్పుకు నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌లు (అంటే ఒకేసారి నడపగలిగే పని వరసలు) అనుకుంటున్నాను. నూరును ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర. పేజ్‌మేకర్ పాతకాలపు సాఫ్ట్‌వేర్, ఒక థ్రెడ్‌ను నిండుగా వాడుతుంది, మిగతా ఏడూ ఖాళీగా చూస్తూ ఉంటాయి. కాబట్టి మీ 13 శాతం అంటే దానివరకు అది నూటికి నూరు. పది కోర్లున్న చిప్పు కొన్నా ఆ పీడీఎఫ్ పనికి కోర్ల లెక్క వల్ల ఒరిగేదేమీ లేదు, ఒక్క కోరు ఎంత వేగంగా నడుస్తుందన్నదే ముఖ్యం.

కానీ మీకు అంతదాకా అక్కర్లేదేమో. ఫైలు తెరిచేటప్పుడు డిస్క్ 100 చూపిస్తోందంటే మీది తిరిగే హార్డ్ డిస్క్ అయ్యుంటుంది. టాస్క్ మేనేజర్‌లోనే డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ అనో ఎస్ఎస్‌డీ అనో రాసి ఉంటుంది, చూడండి. హెచ్‌డీడీ అయితే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, ఐ7 కన్నా బాగా చవక, తేడా మొదటి ఫైలు తెరవగానే తెలుస్తుంది. మార్చేవాళ్లు కొత్తగా విండోస్ వేస్తామంటే ఒప్పుకోకండి, ఉన్నదున్నట్టు క్లోన్ చేయమనండి. లేకపోతే అను ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, ప్రింటర్ ప్రొఫైళ్లు అన్నీ మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి, ముహూర్తాల సీజన్లో అది చిన్న పని కాదు. తీసేసిన డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో వేయించుకుని పాత శుభలేఖల బ్యాకప్‌కు వాడుకోండి.